డాక్టర్ సలహా: ఐరన్ మాత్రలు ఆపేశారు సరే, రక్తం ఎందుకు తగ్గిందో చూశారా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 66 ఏళ్లు. రెండేళ్లుగా పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకు లెవోడోపా వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లోనే బిళ్లలు తెచ్చుకుంటారు. నీరసంగా ఉందంటే పరీక్ష చేయించాం, హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఐరన్ మాత్రలు రాశారు. ఐరన్ మెదడులో పేరుకుంటే పార్కిన్సన్స్ ముదురుతుందని వీడియోలో చూసి పది రోజుల కిందట ఆపేశాం. ఇనుప మూకుడులో వండటం కూడా మానేయాలా? ఐరన్‌ని బయటకు లాగే మందు ఉందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మూకుడు సంగతి తర్వాత చూద్దామమ్మా. మగవాళ్లకు 13 పైన ఉండాల్సిన హిమోగ్లోబిన్ మీ నాన్నగారికి 8.4కి ఎందుకు పడిపోయింది? మీరు అడగాల్సిన ప్రశ్న ఇది.

ఆ వయసు మగవారిలో ఐరన్ లోపం ఉందంటే, వేరే కారణం తేలేదాకా పొట్టలోనో పేగుల్లోనో రక్తం పోతోందనే అనుమానించాలి. నా మొదటి అనుమానం ఆ నొప్పి బిళ్లల మీదే. మొన్న ఓపీకి వచ్చిన ఒక పెద్దాయన లుంగీ మడతలోంచి కాగితం పొట్లం తీశారు. రెండు తెల్లవి, ఒక ఎర్రది. పేర్లు తెలియవు. 'నాట్లప్పుడు రోజూ వేసుకుంటానండీ' అన్నారు. ఎండోస్కోపీలో చూస్తే పొట్ట నిండా పుండ్లు. ఇలాంటివి నెలనెలా చూస్తున్నాం. మీ నాన్నగారు ఏం వేసుకుంటున్నారో ఆ పొట్లంతో సహా డాక్టర్‌కు చూపించండి. చెప్పులు లేకుండా చేలో తిరిగేవారైతే పేగుల్లో రక్తం పీల్చే కొంకి పురుగుల పరీక్ష కూడా అవసరం. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్, బి12, మలంలో రక్తం పరీక్షలు, అవసరాన్ని బట్టి ఎండోస్కోపీ, పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయించాలి. పెద్దపేగు క్యాన్సర్ కూడా కొన్నిసార్లు ఇలా రక్తహీనతతోనే బయటపడుతుంది. భయపెట్టడానికి కాదు, ఆలస్యం చేయొద్దని చెబుతున్నాను.

వీడియోలో చెప్పింది సగం నిజం. మన ఒంట్లో ఇనుము మొత్తం 3, 4 గ్రాములే. ఎక్కువైనదాన్ని బయటకు పంపే దారి శరీరానికి లేదు. అందుకే కాపలా అంతా లోపలికి వచ్చేచోటే. కాలువల మీద లాకులు ఎత్తడం, దించడం డెల్టావాళ్లకు చెప్పక్కర్లేదు. కాలేయం నుంచి వచ్చే హెప్సిడిన్ అనే హార్మోన్ పేగు కణాల నుంచి ఇనుము రక్తంలోకి వెళ్లే ఫెర్రోపోర్టిన్ అనే తలుపును అలాగే మూయిస్తుంది. ప్రతి కణానికీ సొంత లెక్క ఉంటుంది. ఇనుము చాలకపోతే పైపొర మీద ఇనుమును పట్టుకునే రిసెప్టర్లు పెంచుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. ఎక్కువైతే వాటిని తగ్గించి, మిగిలినదాన్ని ఫెర్రిటిన్ అనే ప్రొటీన్‌లో దాచుతుంది. ఒక్క ఫెర్రిటిన్‌లో 4,500 ఇనుము పరమాణువుల దాకా పడతాయి. అలా దాచలేకపోయిన ఇనుముతోనే చిక్కు. అది కణాల కొవ్వు పొరలను పాడుచేస్తుంది. కణాలు ఆ రకంగా చనిపోవడానికి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు.

పార్కిన్సన్స్ ఉన్నవారి మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఇనుము ఎక్కువగా కనబడుతుంది. అది జబ్బుకు కారణమా, జబ్బు వల్ల చేరిందా అన్నది ఇంకా తేలలేదు. మింగిన మాత్ర నేరుగా అక్కడికి చేరదు, మధ్యలో మెదడుకు సొంత అడ్డుగోడ ఉంది.

ఐరన్‌ని లాగే డెఫెరిప్రోన్ అనే మందును, జబ్బు కొత్తగా బయటపడి ఇంకా లెవోడోపా మొదలుపెట్టని 372 మందిలో 36 వారాలు పరీక్షించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మందు వేసుకున్నవారికే లక్షణాలు ఎక్కువయ్యాయి. పార్కిన్సన్స్‌లో మెదడుకు కరవయ్యే డోపమైన్ అనే రసాయనం తయారవడానికి కూడా ఇనుము కావాలి మరి. ఆన్‌లైన్‌లో అలాంటివి తెప్పించే పని దయచేసి పెట్టుకోకండి.

మీరు అడగని ముఖ్య విషయం ఒకటుంది. ఐరన్ మాత్ర, లెవోడోపా ఒకేసారి వేసుకుంటే లెవోడోపా ఒంటికి సరిగా పట్టదు, వణుకు, బిగుతు పెరగొచ్చు. రెంటికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్‌తో మలబద్ధకం కూడా పెరగొచ్చు, అది పార్కిన్సన్స్‌లో ముందే ఉంటుంది. మాత్ర రాసిన డాక్టర్‌తో, న్యూరాలజిస్టుతో ఒకసారి మాట్లాడి మళ్లీ మొదలుపెట్టండి. మీ అంతట మీరు ఆపడం తప్పు. లెవోడోపాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ హఠాత్తుగా ఆపకండి.

ఐరన్ వాడితే మలం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చినా, ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రిపోర్టులు చూడకుండా నేను ఇంతకుమించి చెప్పలేను.

ఇనుప మూకుడులో నిశ్చింతగా వండుకోండి. నొప్పి బిళ్లలు మాత్రం ఈ రోజే ఆపించి, ఈ వారంలోనే పరీక్షలు చేయించండి.