కలివికోడికి కలిమి ఎక్కడిది?

సందేహం: మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టు కోసం కలివికోడి వివరాలు వెతికాం. ఒకచోట 'కలివికోడి' అని, మరోచోట 'కలిమికోడి' అని కనిపించింది. కలిమి అంటే సంపద కదా, ఈ పక్షి కంటబడితే సిరి వస్తుందని ఆ పేరు పెట్టారా? ఇంకో వ్యాసంలో 'నీళ్లలో నడిచే అరుదైన పక్షి' అని రాశారు. మా కడప అడవుల్లో దానికి నీళ్లెక్కడివి? ఏది రాయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: నీళ్ల సంగతి ముందు తేల్చేస్తాను. తీతువు, ఉల్లంకి వంటి పిట్టల కులానికంతటికీ ఇంగ్లీషువారు 'వేడర్లు', అంటే నీళ్లలో నడిచేవి, అని ఒకే పేరు పెట్టుకున్నారు. కలివికోడీ ఆ కులానిదే. కానీ అది నీళ్లలో దిగే రకం కాదు. ముళ్లపొదల మధ్య మెట్టనేల మీద, అదీ రాత్రిపూట తిరుగుతుంది. మాటకు మాట దించేసిన ఆ వ్యాసకర్త పక్షిని చూడలేదని తప్పుపట్టను, చూసినవాళ్లే వేళ్ల మీద లెక్క. కనీసం ఫొటో కింద నేల తడిగా ఉందో పొడిగా ఉందో చూడాల్సింది!

ఇక కలివి. అది పొద పేరు. వాక్కాయ జాతి, ఒళ్లంతా ముళ్లు, తెల్లని పూలు, ముదిరితే నల్లబడే పుల్లటి పండ్లు. తమిళులు 'కళా' అంటారు. ఆ పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. కోడి అన్నారు కదా అని కూరకోడిని ఊహించకండి, నీటికోడి మాత్రం కోడా ఏమిటి?

'కలిమి' అన్న నోరూ తప్పు చేయలేదు. తెలంగాణలో ఆ పండ్లను కలిమిపండ్లు అనేవాళ్లున్నారు. మామిడి మావిడి అయినట్టు, నమలడం నవలడం అయినట్టు, మకార వకారాలు మన నోట్లో ఇలా చోట్లు మార్చుకుంటూనే ఉంటాయి. సంపద అనే కలిమి వేరు, అది 'కలుగు' నుంచి వచ్చింది. రెండింటినీ ముడిపెట్టి, పక్షి కనిపిస్తే సిరి అంటూ కథ అల్లడమే తప్పు. ఈమధ్య ప్రతి ఊరి పేరుకూ, పిట్ట పేరుకూ ఒక కథ లేకపోతే మనవాళ్లకు నిద్రపట్టడం లేదు.

కథే కావాలంటే అసలుది ఒకటుంది. ఈ పక్షిని శాస్త్రలోకానికి ఎక్కించింది మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్. 1848లో దానికి శాస్త్రీయ నామం పడింది. అందులోని 'బైటార్క్వేటస్' అన్న లాటిన్ మాటకు రెండు కంటెలు పెట్టుకున్నది అని అర్థం, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలుంటాయి మరి. జెర్డన్ తన పుస్తకంలో తెలుగు పేరు కూడా రాశాడు. ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటే 'అడవ వుట తిట్టి' అని వస్తుంది. దానికి ఆయన చెప్పిన అర్థం 'అడవి ఖాళీ సంచి'! అంటే ఎవరో ఆయనకు 'ఉత్త తిత్తి' అని విడగొట్టి చెప్పారన్నమాట. మీరు కలిమి అంటున్న పక్షికి ఆనాటి పేరు ఉత్త సంచి.

నాకు ఆ విడగొట్టడం మీదే అనుమానం. తీతువును ఉత్తిత్తి పిట్ట అని కూడా అంటారు. అది దాని కూతే, సంచీ కాదు తిత్తీ కాదు. సంస్కృతంలో టిట్టిభం అన్నా, తెలుగులో తీతువు అన్నా వినిపించేది ఆ అరుపే. కలివికోడి కూత కూడా జంట అక్షరాల కూతే, చీకటి పడ్డాక కాసేపు కూసి ఊరుకుంటుంది. కాబట్టి అది 'అడవి ఉత్తిత్తి', అంటే అడవిలో ఉండే తీతువు, అయివుంటుందని నా ఊహ. దొరగారు అర్థం అడిగితే, అడిగించుకున్నవాడు తోచింది చెప్పి పంపించాడు. ఊహే సుమా, రుజువు లేదు.

1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఆ పక్షి జాడ పోయింది. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ కృషి ఫలించి మళ్లీ దొరికింది. రాత్రి దీపం వెలుగులో దాన్ని పట్టింది ఆ ఊళ్ల వేటగాడే. తర్వాత అక్కడే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. పుస్తకాల్లో ఎనభై ఆరేళ్లు లేని పక్షికి ఆ పల్లెల్లో పేరుంది, ఆ పేరు ఏ పొదలో వెతకాలో కూడా చెబుతోంది. దాన్ని తీసేసి 'జెర్డాన్స్ కోర్సర్' అని ఇంగ్లీషు పేరునే తెలుగు వార్తలో రాసేవారిని ఏమనాలి?

మీ అబ్బాయిని 'కలివికోడి' అనే, ఒకే మాటగా, రాయమనండి. కడప పక్షికి కడప మాట. తెలంగాణ పిల్లవాడు 'కలిమికోడి' అని రాస్తే నేనైతే ఎర్ర ఇంకు పెట్టను, వాళ్ల టీచరు సంగతి నాకు తెలియదు. మీవైపు పెద్దవాళ్లెవరైనా ఆ అడవి పిట్టను 'ఉత్తిత్తి' అనడం విని ఉంటే మాత్రం వెంటనే నాకొక ఉత్తరం రాయండి.