గేదె పాలకు ఫ్యాట్ 5.2 దాటడం లేదు, కేంద్రంలో మెషిన్ మోసమా?

చేవెళ్ల దగ్గర మీకు ఎనిమిది గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతితో మెరుగుపరిచిన) గేదెలు ఉన్నాయని, మేత ఎక్కువగా బీరు పిప్పి (బీరు తయారీలో మిగిలే ధాన్యం పిప్పి), తవుడు, పైన కాస్త సూపర్ నేపియర్ పచ్చగడ్డి అని, పాల కేంద్రం చీటీలో ఫ్యాట్ (వెన్న శాతం) 5.2, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘన పదార్థాల శాతం) 9.1 వస్తోందని రాశారు. మెషిన్‌ను అనుమానించే ముందు ఆ రెండో అంకె చూడండి. పాలల్లో నీళ్లు కలిస్తే, కడిగిన క్యాన్‌లో మిగిలిన నీళ్లయినా సరే, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ కలిసి పడతాయి. మీకు ఎస్‌ఎన్‌ఎఫ్ బాగుంది, ఫ్యాట్ ఒక్కటే పడింది. అంటే తేడా మేతలోనో, పితకడంలోనో, శాంపిల్‌లోనో ఉంది.

మీ మేత చూస్తే నాకు మొదటి అనుమానం బీరు పిప్పి మీదే. నగరం చుట్టూ డైరీల్లో చవగ్గా దొరుకుతుందని పొట్ట నిండా అదే పెడతారు. పాలు పెరుగుతాయి, ఫ్యాట్ పడిపోతుంది. వెన్నకు కావాల్సిన ముడిసరుకు పీచు మేత పొట్టలో పులిసినప్పుడే తయారవుతుంది. పిప్పిలో నమలాల్సిన పీచు లేదు, పైగా ముప్పాతిక వంతు నీళ్లే. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. మధ్యాహ్నం గేదెలు పడుకున్నప్పుడు కొట్టంలోకి వెళ్లి చూడండి. పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తుండాలి, ఒక్కో ముద్దను 50 సార్లకు తగ్గకుండా నమలాలి. అలా లేకపోయినా, పేడ జారుడుగా పడుతున్నా పీచు చాలడం లేదనే లెక్క.

పిప్పిని గేదెకు రోజుకు 10 కిలోలు దాటనివ్వకండి. ఎండాకాలంలో రెండు రోజులు నిల్వ ఉన్నది పులిసి బూజు పడుతుంది, పెట్టొద్దు. ఎండు వరిగడ్డో జొన్న చొప్పో 5, 6 కిలోలు తప్పనిసరి. చొప్ప అయితే ఇంకా మంచిది. చాఫ్ కట్టర్‌లో పొడి చేయకుండా అంగుళం ముక్కలుగా కోయండి. నేపియర్ లేతగా కోస్తే నీళ్లే ఎక్కువ, 45 రోజులు దాటాక కోయండి. దాణా ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో, దాని పైన గేదె ఒంటికి కిలో, కిలోన్నర. నానబెట్టిన పత్తి గింజలు ఒక కిలో దాణాలో కలిపితే వెన్నకు బాగా పనిచేస్తాయి. తినే సోడా 50 నుంచి 100 గ్రాములు దాణాలో కలపొచ్చు, కానీ గడ్డి లోటును సోడా తీర్చదు. మార్పు అంతా వారం పది రోజుల్లో మెల్లగా చేయండి, ఫలితం కనిపించడానికి రెండు వారాలు పడుతుంది.

పితకడంలో ఒక్కటే చూడండి: దూడను ఎప్పుడు వదులుతున్నారు? మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, ఆఖరి ధారల్లో దానికి ఎన్నో రెట్లు. చాలామంది పైపైన పితికి మిగిలింది దూడకు వదిలేస్తారు. అంటే మీ వెన్నంతా దూడ తాగుతోంది. దూడను మొదట్లో చేపుకు వదిలి, దాని వాటా ఒక చన్ను నుంచి ముందే తాగించి, మిగతా మూడూ ఆఖరి చుక్క దాకా పిండండి. పూటకు పూటకు మధ్య వ్యవధి ఎక్కువైతే పాలు ఎక్కువ, ఫ్యాట్ తక్కువ. అందుకే ఉదయం చీటీని ఉదయం చీటీతోనే పోల్చండి.

ఇక శాంపిల్. క్యాన్ కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది. గరిటె అడుగు దాకా దించి నాలుగైదు సార్లు పైకీ కిందికీ కలిపాకే తీయమనండి. నురగ ఉన్న పాలు పోస్తే కేంద్రంలోని అల్ట్రాసౌండ్ మెషిన్ తప్పు చూపుతుంది. ఆవు పాల సెట్టింగ్‌లో గేదె పాలు పరీక్షించినా అంతే.

అయినా అనుమానం ఉంటే గెర్బర్ పరీక్ష (ఆమ్లంతో వెన్నను విడదీసి కొలిచేది) చేయించండి. బ్యూటిరోమీటర్ అనే గీతల గాజు గొట్టంలో ముందు 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, దానిపై గోడ వెంబడి మెల్లగా 10.75 మి.లీ. పాలు, తర్వాత 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్. బిరడా బిగించి కలిపి, నిమిషానికి 1100 చుట్ల వేగంతో 4, 5 నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల నీళ్లలో ఉంచి చదవాలి. వెన్న గీత కింద నల్లటి రేణువులు కనిపిస్తే ఆమ్లం గాఢత ఎక్కువ, తెల్లటి పలుకులు కనిపిస్తే తక్కువ. రెండింట్లోనూ ఆ రీడింగ్ చెల్లదు, మళ్లీ చేయమనండి.

డబ్బు లెక్కా చూసుకోండి. కిలో వెన్నకు రూ.800 అనుకుంటే 5.2 ఫ్యాట్ కిలో పాలకు రూ.41.60, 6.2 అయితే రూ.49.60. కొలత లీటర్లలోనా, కిలోల్లోనా అని కూడా అడగండి. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. లీటర్లలో కొలిచి కిలో ధర కడితే నూటికి మూడు రూపాయలు అక్కడే పోతాయి.