క్యాన్సర్ కణాలు ఎలా చనిపోతాయి, సహజ పదార్థాలు వాటిని ఎంతవరకు చంపగలవు?

మీరు అడిగినవి రెండు విషయాలు. క్యాన్సర్ కణం అసలు ఎలా చనిపోతుందన్నది మొదటిది. పసుపులోని కర్క్యుమిన్ వంటి సహజ పదార్థాలు ఆ మరణాన్ని ప్రేరేపిస్తాయని చదివారు కాబట్టి, కీమోథెరపీ తీసుకుంటున్న మీ బంధువుకు ఆ క్యాప్సూల్స్ కూడా ఇవ్వవచ్చా అన్నది రెండవది. నేను వైద్యుణ్ణి కాను. కొన్నేళ్లపాటు ఒక పరిశోధనశాలలో క్యాన్సర్ కణాలను పెంచి, మొక్కల నుంచి వేరుచేసిన పదార్థాలను వాటిపై పరీక్షించే పని చేశాను. మీరు చదివిన వార్తలకు మూలమైన ప్రయోగాలు ఎలా జరుగుతాయో దగ్గర నుంచి చూసినందువల్ల, ఆ మేరకు చెప్పగలను.

శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ తనను తాను చంపుకొనే ఏర్పాటు పుట్టుకతోనే ఉంటుంది. జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టెయిర్ కర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1972లో దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. ఇది ప్రమాదవశాత్తూ జరిగే చావు కాదని, జన్యువులు నడిపే కార్యక్రమమని తేల్చింది ఒక మిల్లీమీటరు పొడవుండే చిన్న పురుగు. దాని ఎదుగుదలలో 1090 శరీర కణాలు పుడితే, వాటిలో సరిగ్గా 131 కణాలు ప్రతిసారీ చనిపోతాయి. ఆ పురుగుపై చేసిన పరిశోధనలకు సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ మరణం సూక్ష్మదర్శినిలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. గాజులాంటి పాత్ర అడుగున పరుచుకొని ఉన్న కణం మొదట అంచులు ముడుచుకొని గుండ్రంగా మారుతుంది. తరువాత దాని ఉపరితలం మరుగుతున్న గంజిలా బుడగలు బుడగలుగా ఉబుకుతుంది, చివరకు కణం పొర కప్పి ఉన్న చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. శరీరంలోనైతే ఆ ముక్కలను రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు వెంటనే మింగివేస్తాయి కాబట్టి వాపు గానీ మంట గానీ ఉండదు. పాత్రలో మింగేవారు ఎవరూ లేరు కాబట్టి అవి కొన్ని గంటల తరువాత పగిలిపోతాయి. మర్నాడు ఉదయం మాత్రమే చూసినవారికి అది నెక్రోసిస్‌లాగే, అంటే కణం ఉబ్బి పగిలి లోపలి పదార్థాన్ని చుట్టూ చిమ్మే మొరటు మరణంలాగే కనిపిస్తుంది. ఏ సమయంలో చూశామన్నదానిని బట్టి ఫలితం పేరే మారిపోవచ్చన్న సంగతి ఈ రంగం బయట ఉన్నవారికి సాధారణంగా తెలియదు.

లోపల జరిగేది ఇది. డీఎన్ఏ బాగా దెబ్బతిన్నప్పుడు పి53 అనే ప్రోటీన్ కణ విభజనను ఆపుతుంది, మరమ్మతు సాధ్యం కాకపోతే మరణానికి సంకేతం ఇస్తుంది. అప్పుడు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల బయటి పొరలో రంధ్రాలు పడి, శక్తి తయారీలో పనిచేసే సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి వస్తుంది. అది మరికొన్ని ప్రోటీన్లతో కలిసి కాస్పేజ్-9ను, అది కాస్పేజ్-3ను మేల్కొలుపుతాయి. కాస్పేజ్‌లు ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములు. అవి పని మొదలుపెట్టాక కణం వెనక్కి మళ్లడం చాలా అరుదు. కణం బయటి నుంచి వచ్చే సంకేతాలతో నడిచే మరో మార్గం కూడా ఉంది, కానీ చివరికి అదీ ఈ కాస్పేజ్‌ల దగ్గరికే చేరుతుంది.

క్యాన్సర్ కణం చేసేది ఈ ఏర్పాటును మొరాయించేలా చేయడం. దాదాపు సగం క్యాన్సర్లలో పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది. మైటోకాండ్రియాకు రంధ్రాలు పడకుండా కాపాడే బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ను లింఫోమా, లుకేమియా వంటి కొన్ని రక్త క్యాన్సర్లు అతిగా తయారుచేసుకుంటాయి. ఆ ప్రోటీన్‌ను నేరుగా అడ్డుకొనే వెనెటోక్లాక్స్ అనే మందు 2016లో అమెరికాలో ఆమోదం పొందింది. అపోప్టోసిస్ గురించిన అవగాహన తిన్నగా మందుగా మారిన సందర్భాలలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. అపోప్టోసిస్ ఒక్కటే దారి కాదు. విభజన మధ్యలో చిక్కుకొని చనిపోయే కణాలున్నాయి. ఇనుము కారణంగా పొరలోని కొవ్వులు ఆక్సీకరణ చెంది చనిపోవడాన్ని 2012 నుంచి ఫెరోప్టోసిస్ అంటున్నారు. ఇంకా కొన్ని రకాలున్నాయి గానీ మీ ప్రశ్నకు వాటితో అంతగా పనిలేదు.

ఇక సహజ పదార్థాల సంగతి. మొక్కల నుంచి వచ్చిన పదార్థాలు క్యాన్సర్ కణాలను చంపుతాయా అంటే, నిస్సందేహంగా చంపుతాయి. మీ బంధువుకు ఇస్తున్న కీమో మందులలోనే అలాంటిది ఒకటి ఉండి ఉండవచ్చు. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ బిళ్ళ గన్నేరు మొక్క నుంచి వచ్చాయి. ట్యాక్సాల్ అని పిలిచే పాక్లిటాక్సెల్ పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చింది. 1962లో బెరడు సేకరించగా, మన్సుఖ్ వానీ, మన్రో వాల్ బృందం దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించింది. అది కణంలోని సూక్ష్మనాళికలను విడిపోకుండా బిగించి విభజనను ఆపుతుందని సుసాన్ హార్విట్జ్ 1979లో చూపారు. అండాశయ క్యాన్సర్‌కు మందుగా అనుమతి రావడానికి 1992 వరకు పట్టింది. అంటే బెరడు నుంచి రోగి వరకు మూడు దశాబ్దాలు. ఎటోపొసైడ్, ఇరినోటెకాన్ కూడా మొక్కలలోని పదార్థాలకు మార్పులు చేసి తయారుచేసినవే.

ఈ మందులన్నిటిలో ఒక పోలిక ఉంది. అవన్నీ విషాలే. విన్‌క్రిస్టిన్ నరాలను దెబ్బతీస్తుంది, పొరపాటున వెన్నెముక ద్రవంలోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. ఇరినోటెకాన్‌కు మూలమైన క్యాంప్టోథెసిన్‌ను మొదట రోగులపై పరీక్షించినప్పుడు దుష్ప్రభావాలు భరించలేనంతగా ఉండటంతో ఆ ప్రయత్నాన్నే ఆపివేయవలసి వచ్చింది. చంపే శక్తి ఉన్నందువల్లే అవి మందులయ్యాయి. ఎంత మోతాదు, ఎన్ని రోజులకు ఒకసారి, ఏ పరీక్షలు చూసుకొని ఇవ్వాలి అన్నది దశాబ్దాల పాటు కొలిచి నిర్ణయించినందువల్లే అవి రోగికి ఉపయోగపడుతున్నాయి. మొక్క నుంచి వచ్చింది కాబట్టి సురక్షితం, ప్రయోగశాలలో తయారైంది కాబట్టి హానికరం అన్న విభజన కణానికి తెలియదు.

కర్క్యుమిన్ విషయంలో చిక్కు మరోచోట ఉంది. పాత్రలోని క్యాన్సర్ కణాలకు దానిని లీటరుకు 10 నుంచి 50 మైక్రోమోల్ గాఢతలో ఇస్తే చాలా రకాల కణాలు చనిపోతాయి. నేనూ చూశాను, కాస్పేజ్-3 మేల్కొన్నట్టు కూడా పరీక్షల్లో కనిపిస్తుంది. అయితే 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ నోటి ద్వారా తీసుకున్నవారి రక్తంలో గరిష్ఠ గాఢత సగటున 2 మైక్రోమోల్ కూడా దాటలేదు. పేగు గోడ, కాలేయం కలిసి దానిని త్వరత్వరగా ఇతర రూపాల్లోకి మార్చివేస్తాయి. అంతేకాదు, అది స్వతహాగా అస్థిరమైన పదార్థం. సీరం (రక్తంలోని ద్రవ భాగం) కలపని ద్రావణంలో, శరీర ఉష్ణోగ్రత వద్ద, అరగంటలోనే దాదాపు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. పాత్రలో కణాలను చంపిన గాఢత రక్తంలోకే రానప్పుడు, గడ్డ లోపలికి చేరుతుందని ఎలా అనుకోగలం? పేగు గోడకు మాత్రం మింగిన పదార్థం నేరుగా తగులుతుంది కాబట్టి అక్కడి పరిశోధనలను నేను ఈ గాటన కట్టను.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కణాలు బతికున్నాయో లేదో చూడటానికి ఎక్కువగా వాడే ఎంటీటీ పరీక్షలో, బతికున్న కణాలు పసుపుపచ్చని రంగు పదార్థాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. ఒకసారి క్వెర్సెటిన్ అనే మొక్కల పదార్థాన్ని కణాలు అసలే లేని పరీక్ష పలక గుంటల్లో పోసి చూస్తే, అవి కూడా ఊదారంగుకు తిరిగాయి. ఆ పదార్థమే రసాయనికంగా రంగును మార్చింది, అక్కడ మార్చడానికి కణమన్నదే లేదు. కర్క్యుమిన్‌ది మరో పేచీ. అది తనంతట తానే ఆకుపచ్చగా వెలుగుతుంది. చనిపోతున్న కణాలను గుర్తించడానికి వాడే అనెక్సిన్ పరీక్షలో సాధారణంగా ఉపయోగించే రంగు కూడా ఆకుపచ్చే. తగిన పోలిక నమూనాలు పెట్టుకోకపోతే, కర్క్యుమిన్‌ను పీల్చుకొని హాయిగా బతికున్న కణం కూడా పరికరానికి చనిపోతున్న కణంగా కనిపిస్తుంది. అందుకే "ఫలానా పదార్థం క్యాన్సర్ కణాల్లో అపోప్టోసిస్ కలిగించింది" అన్న వాక్యం చదివినప్పుడు నేను మొదట చూసేది ఎంత గాఢతలో, ఏ పరీక్షతో అన్నది. ఆ తరువాత చూసేది అదే మోతాదులో మామూలు కణాలకు ఏమైంది అన్నది. ఆ చివరిదానికి చాలా వ్యాసాల్లో సమాధానమే ఉండదు. మామూలు కణాలనూ అంతే సులువుగా చంపే పదార్థం మందు కాలేదు. ఆ మాటకొస్తే బ్లీచింగ్ ద్రావణం కూడా పాత్రలోని క్యాన్సర్ కణాలన్నిటినీ చంపుతుంది.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్న. కీమోథెరపీ జరుగుతుండగా కర్క్యుమిన్ క్యాప్సూల్స్ ఇవ్వవద్దనే నా అభిప్రాయం. పని చేయదేమోనన్న సందేహం కన్నా, పని చెడగొడుతుందేమోనన్న భయం నాకు ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ కణాలపై 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కర్క్యుమిన్ ఉన్నప్పుడు డాక్సోరూబిసిన్ వంటి కీమో మందుల వల్ల జరగవలసిన అపోప్టోసిస్ తగ్గిపోయింది. ఎలుకలకు ఆహారంలో కర్క్యుమిన్ కలిపి పెట్టినప్పుడు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ప్రభావం తగ్గింది. కణాన్ని చంపడానికి కొన్ని కీమో మందులు వాడుకొనే ఆక్సీకరణ ఒత్తిడినే ఈ పదార్థం చల్లార్చింది. పెద్ద మోతాదులో మరణాన్ని ప్రేరేపించే పదార్థమే చిన్న మోతాదులో ఆ మరణానికి అడ్డుపడిందన్నమాట. జంతువులపై వచ్చిన ఫలితం మనుషుల్లోనూ అలాగే వస్తుందని చెప్పలేం గానీ, చికిత్స మధ్యలో ఉన్న మనిషి మీద దానిని పరీక్షించి చూడవలసిన అవసరం లేదు.

గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే బోర్టెజోమిబ్‌కు రసాయనికంగా అంటుకొని దానిని పనిచేయకుండా చేయగలదని 2009లో ప్రయోగాల్లో తేలింది. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికను ఇరినోటెకాన్‌తో కలిపి తీసుకున్న రోగుల రక్తంలో, ఆ మందు చురుకైన రూపం సుమారు 42 శాతం తగ్గింది. ఇది పాత్రలోనో ఎలుకలోనో కాదు, మనుషుల్లో కొలిచిన లెక్క. ఇవి మీ బంధువు తీసుకుంటున్న మందులకు వర్తిస్తాయా లేదా అన్నది ఆయనకు చికిత్స చేస్తున్న ఆంకాలజిస్ట్ మాత్రమే చెప్పగలరు. కాబట్టి సీసాను వెంట తీసుకెళ్లి, వెనుక ఉన్న లేబుల్‌ను చూపించండి. ఆహారంలో మామూలుగా వచ్చే పసుపు గురించి కంగారు పడకండి. పసుపు బరువులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే ఉంటుంది కాబట్టి, క్యాప్సూల్స్‌తో వచ్చే మోతాదుతో దానికి పోలికే లేదు.

లేబుల్ మీద పైపెరిన్ ఉందేమో ప్రత్యేకంగా చూడండి. మిరియాలలోని ఈ పదార్థాన్ని కర్క్యుమిన్ రక్తంలోకి ఎక్కువగా చేరడానికి కలుపుతారు. మందులను విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైములను అది అడ్డుకోవడం వల్ల, కర్క్యుమిన్‌తోపాటు ఇతర మందుల స్థాయిలు కూడా పెరగవచ్చు. ఇలాంటి పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటీవలి సంవత్సరాల్లో వైద్య పత్రికల్లో నమోదయ్యాయి, వాటిలో చాలావాటిలో పైపెరిన్ కూడా ఉంది. కీమో సమయంలో కాలేయ ఎంజైములు పెరిగితే, క్యాప్సూల్స్ సంగతి తెలియని వైద్యుడు దానిని కీమో ప్రభావమని భావించి, అవసరమైన మందునే తగ్గించడమో తదుపరి విడతను వాయిదా వేయడమో చేస్తారు.