హార్డ్‌లీ అంటే ‘కష్టపడి’ కాదు

మేనేజర్‌కి పంపిన మెయిల్‌లో ‘ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ ఆన్ దిస్ ప్రాజెక్ట్’ అని రాస్తే తప్పేమిటని అడిగారు. ఆ వాక్యానికి అర్థం ‘ఈ ప్రాజెక్ట్ మీద నేను పెద్దగా పని చేయలేదు’ అని! వెంటనే సరిచేసి మళ్ళీ పంపండి: ‘ఐ వర్క్‌డ్ హార్డ్’.

స్లో నుంచి స్లోలీ వచ్చినట్టే హార్డ్ నుంచి హార్డ్‌లీ వస్తుందనుకోవడం వల్లే ఈ పొరపాటు. హార్డ్ అనే మాట విశేషణంగానూ క్రియావిశేషణంగానూ మారకుండా ఉంటుంది. హార్డ్‌లీ వేరే మాట. ‘దాదాపు లేదు’ అని దాని భావం. లేట్, లేట్‌లీ కూడా ఇంతే. లేట్‌లీ అంటే ‘ఆలస్యంగా’ కాదు, ‘ఈమధ్య’.

హార్డ్‌లీలోనే ‘లేదు’ ఇమిడి ఉంది కాబట్టి పక్కన మళ్ళీ నాట్ పెట్టకండి. ‘ఐ కాంట్ హార్డ్‌లీ హియర్ యూ’ అని మాటల్లో వినబడినా, రాతలో ‘ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యూ’ అనే రాయాలి. అంటే ‘మీ మాట సరిగా వినబడటమే లేదు’. చోటు చూడండి: కెన్, హ్యావ్, ఈజ్ లాంటివాటి తర్వాత, అసలు క్రియకు ముందు.

ఎక్కువగా పనికొచ్చేవి రెండు జంటలు. ‘హి హార్డ్‌లీ ఎవర్ కాల్స్’ అంటే ఎప్పుడో గానీ ఫోన్ చేయడు. ‘దేర్ ఈజ్ హార్డ్‌లీ ఎనీ మిల్క్’ అంటే పాలు అడుగంటాయి. ఇక్కడ సమ్ కుదరదు, ఎనీయే రావాలి.

వాక్యం మొదట్లో వస్తే మాత్రం క్రమం తిరగబడుతుంది: ‘హార్డ్‌లీ హ్యాడ్ ఐ సాట్ డౌన్ వెన్ ద ఫోన్ ర్యాంగ్’. మన ‘ఇలా కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది’ సరిగ్గా ఇదే. వెన్ బదులు ద్యాన్ వాడేవాళ్ళున్నారు, అది ఇదే అర్థమిచ్చే మరో మాట ‘నో సూనర్’కి జత. ఆఫీసు మెయిల్‌కి ఈ వాక్యం మరీ గ్రాంథికం, పరీక్షల కోసం నేర్చుకుంటే చాలు.