తాతగారి జీపు తుప్పు వదిలేదెలా?

ప్రశ్న: మా తాతగారు రొయ్యల చెరువుల మీదకు తిరిగిన 1968 నాటి మహీంద్రా సీజే-3బి జీపు చాన్నాళ్లుగా దొడ్లో పడి ఉంది. డ్రైవర్ కాళ్ల దగ్గర రేకుకు చిల్లులు పడ్డాయి, ఇంజిన్ తిరగడం లేదు. ఒకాయన పుట్టీ పెట్టి రంగు కొట్టేయమంటున్నారు, ఇంకొకాయన డీజిల్ ఇంజిన్ వేయించమంటున్నారు. ఇంటి దగ్గర నేనే బాగు చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: చేసుకోవచ్చు. కానీ పుట్టీ సలహా ఇచ్చినాయన్ని కొన్నాళ్లు బండి దరిదాపులకు రానివ్వకండి. చిల్లు పైకి కనబడిందంటే కింద రేకు ఎప్పుడో పోయిందన్నమాట. ఆ ఫ్లోరు కింద బలం కోసం బోలు పట్టీలు ఉంటాయి. చెరువు గట్ల బురద, ఉప్పునీళ్లు వాటిలో చేరి ఆరవు. తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. దాని మీద పుట్టీ మెత్తితే ఒక్క వానాకాలం ఆగుతుందేమో.

ముందు కింద పడుకుని చిన్న సుత్తితో ఛాసిస్ (బండి అడుగు చట్రం) పొడవునా తట్టండి. ఖణేల్‌మంటే సరే, మొద్దుగా మోగితే అక్కడ గుర్తు పెట్టుకోండి. కమాను పట్టీల బ్రాకెట్లు, బాడీని ఛాసిస్‌కి కలిపే బోల్టుల చుట్టూ, ప్యాసింజర్ సీటు కింది టూల్ బాక్స్ అడుగు మరీ శ్రద్ధగా చూడండి. ఛాసిస్ గట్టిగా ఉంటేనే మిగతా ఖర్చుకు అర్థం.

పోయిన రేకుని మెరిసే మంచి రేకు కనబడేదాకా కోసేయాలి. కొత్త ముక్కకు 18 గేజ్ మందం సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు చాలు. మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో ఆ పలచని రేకుకు ఇంకో చిల్లు పడుతుంది, అందుకని మిగ్ (సన్న తీగతో అతికే వెల్డింగ్) మెషిన్ ఉన్నవాణ్ణే పిలవండి. పైపై తుప్పుకు గ్రైండర్‌కు వైర్ బ్రష్ వేసి గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) రాసి, ఆరాక ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. మన షెడ్లలో అలవాటుగా పూసే రెడ్ ఆక్సైడ్ ఒక్కటే సముద్రపు గాలికి నిలవదు. పాత రంగుల్లో సీసం, పాత బ్రేక్ లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. మంచి మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, డ్రమ్ముల్లో దుమ్ముని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. ఆ చుట్టుపక్కల నిప్పురవ్వ లేచే ముందే దాన్ని ఊడదీసి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అని ఇంట్లో వెల్డింగ్ పెట్టకండి. మిగిలిన ఆవిరే పేలుతుంది.

ఇంజిన్ సంగతి. ట్రాక్టరుతో లాగించి గేరు వేసి తిప్పుదామని మాత్రం చూడకండి, పిస్టన్‌ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలోనూ డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి నానబెట్టండి. తర్వాత బండి ముందు నుంచి ఇంజిన్ తిప్పే హ్యాండిల్ రాడ్‌తో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి. కదిలిందంటే సగం టెన్షన్ పోయినట్టే.

డీజిల్ ఇంజిన్ ఆలోచన నాకు నచ్చలేదు. మీ జీపు బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణమే ఆ హరికేన్ పెట్రోల్ ఇంజిన్: ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో. పైగా ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి ముందే తీసుకోవాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ అడగొచ్చు. కాకపోతే ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చేసి ఉండకూడదు. అది తీసుకుంటే ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు తప్ప రోజూ రోడ్డెక్కకూడదు. చెరువులకు వెళ్లి రావాలనుకుంటే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోండి. ఏదైనా సరే, గ్రైండర్ ముట్టుకోకముందే ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చి ఫొటో తీసి పెట్టుకోండి. ఆ అంకెల మీద వైర్ బ్రష్ పెట్టకండి.

బ్రేకులకు పాత రబ్బర్లన్నీ తీసేసి మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల కిట్లు కొత్తవి వేయండి. రంగు ఏది వేయాలో ఇవన్నీ అయ్యాక మళ్లీ రాయండి.