గొంతు విని రాయి, రంగు చూసి కాదు

తమ్ముడూ,

రాక్, దాని బరువైన శాఖ మెటల్ పాడే నల్లజాతి గాయనుల మీద నీ వ్యాసం చదివాను, బ్రిటిష్ రాక్ బ్యాండ్ స్కంక్ అనాన్సీతో మొదలుపెట్టావు. మొదటి మూడు పేరాలూ ఆ బ్యాండ్ గాయని స్కిన్ గుండు చుట్టూ, "ఆడపులి" చూపుల చుట్టూ తిరిగాయి. నాలుగో పేరాకి గానీ పాట వినపడలేదు. ఆ మూడూ కొట్టెయ్. రంగు ఊసెత్తొద్దనడం లేదు. 1995లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ 'పారనాయిడ్ అండ్ సన్‌బర్న్ట్'లోనే జాత్యహంకారాన్ని సూటిగా నిలదీసిన పాటలున్నాయి. ఎత్తుకుంటే అక్కడ ఎత్తుకో.

మెటల్ బ్యాండ్ స్ట్రెయిట్ లైన్ స్టిచ్ గాయని అలెక్సిస్ బ్రౌన్ "మగాడిలా గర్జించింది" అన్నావు. మెటల్‌లో లోతైన గర్జన చాలావరకు అసలు స్వరతంతులకు కాస్త పైనుండే మడతలు అదరడం వల్ల పుడుతుంది. ఆ మడతలు ఆడవాళ్లకీ ఉంటాయి. ఊపిరి ఆసరా లేకుండా గొంతు బిగిస్తే ఎవరికైనా రెండు పాటలకే బొంగురుపోతుంది. అలెక్సిస్ గర్జిస్తుంది, మామూలు గొంతుతోనూ పాడుతుంది. ఎక్కడ మారిందో నిమిషం, సెకను రాసుకో. ఆ మార్పు దగ్గర డ్రమ్స్ ఏం చేశాయో చూడు. వ్యాసానికి అసలు సరుకు అదే.

మెటల్ బ్యాండ్ ఓషన్స్ ఆఫ్ స్లంబర్ ఆల్బమ్ 'వింటర్' (2016)లో గాయని కామీ గిల్బర్ట్‌ది ప్రధానంగా మామూలు గాత్రం. అయినా అలెక్సిస్‌కీ కామీకీ కలిపి "సోల్‌ఫుల్" (నల్లజాతి సోల్ సంగీతం నుంచి వచ్చిన పొగడ్త) అని అంటించేశావు. ఫొటో, పేరు మూసిపెట్టి ఆ వాక్యం మళ్లీ చదువు. రంగు తెలియకపోతే రాసేవాడివి కాదనిపించిన ప్రతి మాటా తీసెయ్.

"తొలి నల్లజాతి" అన్న ముక్క జాగ్రత్త. (మన పత్రికలకి "తొలి" అంటే మహా మోజు.) 2019లో ర్యాపర్ స్టార్మ్‌జీ బ్రిటన్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ప్రధాన ప్రదర్శన ఇచ్చినప్పుడు తొలి నల్లజాతి బ్రిటిష్ కళాకారుడన్న మాట వచ్చింది. 1999లోనే తమ బ్యాండ్ ఆ పని చేసిందని స్కిన్ గుర్తుచేయాల్సి వచ్చింది. "సోలో" అన్న మాట చేరిస్తే స్టార్మ్‌జీ విషయంలో అది నిజమే. ఆ ఒక్క మాట జారితే ఒక నల్లజాతి గాయని చరిత్రే చెరిగిపోతుంది.

చివరి పేరాలో హెవీ గిటార్‌కి మూలం తెల్ల కుర్రాళ్లేనన్నట్టు రాశావు. 1971లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్‌లో 'వెన్ ద లెవీ బ్రేక్స్' ఉంది కదా, దాని రచయితల్లో నల్లజాతి గిటారిస్టు, గాయని మెంఫిస్ మిన్నీ పేరు ఉంటుంది. 1927 మిసిసిపీ వరద మీద ఆ పాటని ఆమె, కాన్సాస్ జో మెకాయ్ 1929లో రికార్డు చేశారు. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు: "మిన్నీ గొంతులోని వేదన" అని రాసేస్తారు. ఆ రికార్డులో పాడింది జో. మిన్నీది గిటార్. ఆడమనిషి అనగానే గొంతే అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. రెండు రికార్డులూ హెడ్‌ఫోన్లలో వరసగా విను, ఆమె వేళ్ల పని మీద నాలుగు వాక్యాలు రాసి ఆదివారంలోగా పంపు.

అక్క