విషపు కప్పని గాజుపెట్టెలో పెంచితే విషం ఉండదంటారు, నిజమేనా?

అక్కడే పుట్టి పెరిగినదైతే నిజమే. ఈ కప్పలకి విషం తిండిలోంచే వస్తుంది.

కొలంబియా పసిఫిక్ తీరపు వర్షారణ్యాల్లోని బంగారు కప్పనే చూడండి. నిండా రెండంగుళాలు ఉంటుందంతే. దాని చర్మంలోని బాట్రకోటాక్సిన్ అనే విషం పదిమంది ప్రాణం తీయగలదని అంచనా. అక్కడి ఎంబెరా తెగ వేటగాళ్లు ఊదుగొట్టం బాణాల మొనల్ని దాని వీపుకి రుద్దేవారు. అదే కప్ప పెంపకంలో పుట్టి, పండు ఈగలు తిని పెరిగితే ఆ విషం ఏర్పడదు.

కోస్టారికా, పనామాల్లోని స్ట్రాబెర్రీ కప్ప కథ నాకు మరీ ఇష్టం. బొటనవేలి గోరంత ఎర్ర కప్ప. దాని విషం ఎక్కువగా ఆకుచెత్తలోని సూక్ష్మమైన నల్లుల (మంచపు నల్లులు కావు, మైట్లు) నుంచి వస్తుంది. తల్లి తోకకప్పల్ని వీపున మోసుకెళ్లి, అనాసజాతి మొక్కల ఆకుల మొదట్లో నిలిచిన నీళ్లలో ఒక్కో చోట ఒక్కోదాన్ని వదులుతుంది. మళ్లీ మళ్లీ వచ్చి, ఫలదీకరణం కాని గుడ్లు పెట్టి మేపుతుంది. ఆ గుడ్లతోపాటే విషమూ బిడ్డకి అందుతుంది!

స్ట్రాబెర్రీ కప్పలు ఇప్పటికైతే చాలానే ఉన్నాయి. బంగారు కప్ప మాత్రం అంతరించే ప్రమాదంలో ఉంది. అది ఉండేదే చిన్న ప్రాంతం, ఆ అడవినీ నరికేస్తున్నారు. పెట్టెల్లో ఎన్ని పెంచినా, ఆకుచెత్తా అందులోని పురుగులూ లేకపోతే ఆ విషం మళ్లీ పుట్టదు.